పానర్‌కు ఆ సర్టిఫికెట్ ఎందుకు?

మా అమ్మకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవడం రాదు. అందుకని చైనా సీరియల్ పెట్టినప్పుడల్లా నేను పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ ఉంటాను. రాత్రి భోజనాలయ్యాక, వంటిల్లు సర్దుకున్నాక, ఫోనును పోపుల డబ్బాకు ఆనించి రోజుకొక ఎపిసోడ్. 'ఎ డ్రీమ్ ఆఫ్ స్ప్లెండర్' మొత్తం 40 ఎపిసోడ్లు అలాగే చూశాం. మధ్యలో జ్వరం వచ్చి రెండు రోజులు ఆగాం, అంతే.

మొదట్లోనే అమ్మను కట్టిపడేసిన ఘట్టం ఒకటుంది. చియెన్‌తాంగ్‌లో, అంటే ఇప్పటి హాంగ్‌జౌలో, జావ్ పానర్ అనే అమ్మాయి టీ కొట్టు నడుపుతుంటుంది. ఒయాంగ్ షు అనే పేద విద్యార్థిని మూడేళ్ళుగా ఆదుకుంది. తిండీ బట్టా చూసింది, సర్కారు ఉద్యోగ పరీక్షకు పంపింది. అతను రాజధానికి వెళ్ళి దేశంలోనే మూడో ర్యాంకు కొట్టాడు. పెళ్ళి కబురు కోసం చూస్తున్న పానర్ దగ్గరికి అతను రాలేదు, ముసలి నౌకరు వచ్చాడు, బంగారం పట్టుకుని. అయ్యగారికి పెద్దింటి సంబంధం కుదిరింది, ఇది ఉంచుకోమ్మా అని. ఆ కాలంలో అక్కడ పరీక్షా ఫలితాల పలక కింద కాచుకుని కూర్చుని పాసైన కుర్రాళ్ళను అల్లుళ్ళుగా ఎగరేసుకుపోయే ఆచారం ఉండేది. కథలో అదీ ఒక భాగం.

ఇలాంటి చోట మన కళ్ళు రెండిట్లో ఒకదానికి అలవాటుపడ్డాయి. ఆడపిల్ల గుండెలు బాదుకుని ఏడుస్తుంది. లేదా కత్తి దూస్తుంది. పానర్ రాజధానికి బయల్దేరుతుంది, ముఖం మీదే అడుగుదామని. మూడేళ్ళ ఖర్చు ఆమెకు తెలుసు. మాట ఇచ్చినవాడెవడో తెలుసు. బాకీ ఉన్నది ఎవరు ఎవరికో తెలుసు. అమ్మ అంది, "ఈ పిల్ల పద్దు రాసుకునే రకం."

చైనా సీరియళ్ళు చూసేవాళ్ళ మధ్య 'దా న్యూజూ' అనే మాట బాగా తిరుగుతుంటుంది. ముక్కకు ముక్క చెప్పాలంటే 'పెద్ద నాయిక'. కథంతా ఆమె చుట్టూ తిరగాలి, ఆమె చేతిలో అధికారం ఉండాలి, నెగ్గేది ఆమే కావాలి. దీనికి ముందు ఏళ్ళ తరబడి రాజ్యమేలినవాడు పెత్తందారు సీఈఓ. అమ్మాయి మణికట్టు పట్టి ఈడ్చుకుపోతాడు, అదే ప్రేమ అనుకోవాలి. ఆ పాత్రను తిరగేసి ఆడదానికి తొడిగితే బలమైన నాయిక అయిపోతుందని చాలామంది రచయితల నమ్మకం. ఆమె అరుస్తుంది, చెంపలు వాయిస్తుంది, పగ తీర్చుకుంటుంది. నేనూ అవన్నీ ఇష్టంగా చూశాను, కాదనను. కానీ తెల్లారి లేచి బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళేటప్పుడు నాతో కూడా వచ్చేవి కావు అవి. పానర్ వచ్చింది. ఎందుకో చెబుతాను. ఆ తరవాత, తీసినవాళ్ళు ఆమెకు చేసిన ఒక అన్యాయం గురించి కూడా చెబుతాను. అది చెప్పకుండా ఉండలేకే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

రాజధాని ఆనాటి బియెన్‌లియాంగ్, నేటి కైఫెంగ్. కాలం ఉత్తర సోంగ్ వంశానిది, అంటే వెయ్యేళ్ళ కిందటి మాట. సీరియల్ చైనా పేరు 'మెంగ్ హువా లు'. ఈ పేరు 1147లో మెంగ్ యువాన్‌లావ్ అనే ఆయన రాసిన జ్ఞాపకాల పుస్తకం నుంచి తెచ్చుకున్నది. 1127లో ఉత్తరాది జిన్ సైన్యం చేతిలో ఊరు పోయాక, దక్షిణానికి పారిపోయిన ముసలాయన ఏ వీధిలో ఏ కొట్టుండేదో, ఎక్కడ ఏం తినేవాళ్ళో గుర్తు చేసుకుని రాశాడు. పోగొట్టుకున్న ఊరిని అంగళ్ళ పేర్లతో మళ్ళీ కట్టుకున్నాడన్నమాట. సీరియల్‌కు ఆ వాసన బాగా పట్టింది. దర్శకురాలు యాంగ్ యాంగ్ యుద్ధాల మీద కన్నా వంటశాల మీద, టీ బల్ల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టింది.

ఆ టీ గురించి కాస్త చెప్పాలి. ఇప్పటిలా ఆకు మరిగించడం కాదు. టీ ఆకును అచ్చులా నొక్కి బిళ్ళ చేస్తారు. దాన్ని కాల్చి, దంచి, రాతి మీద విసిరి, జల్లించి కాటుకంత మెత్తటి పొడి చేస్తారు. నల్లటి గిన్నెను ముందు వేడి చేసుకోవాలి. పొడి వేసి, నాలుగు చుక్కల వేడినీళ్ళతో ముద్దలా కలపాలి. ఆ తరవాత కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తూ వెదురు పుల్లల కుంచెతో గిలకొట్టాలి. సోంగ్ చక్రవర్తి హ్వీజోంగ్ 1107లో టీ మీద ఏకంగా గ్రంథమే రాసి, నీళ్ళు ఏడు విడతల్లో పోయాలన్నాడు. గిలకొట్టగా గిలకొట్టగా తెల్లటి నురగ గిన్నె అంచులకు అతుక్కుంటుంది. తెల్లగా కనబడాలనే నల్ల గిన్నె. ఎవరి నురగ ఎక్కువసేపు విరగకుండా నిలిస్తే వాళ్ళు గెలిచినట్టు. ఆ నురగ మీద బొమ్మలు గీసే విద్య కూడా ఉంది. పానర్ అది చేసేటప్పుడు కెమెరా ఆమె మొహాన్ని వదిలేసి మణికట్టు మీదికి పోతుంది. మా అమ్మ మాట్లాడకుండా చూసింది. మజ్జిగ చిలికిన చెయ్యి కదా, ఆ మణికట్టు కష్టం ఆమెకు తెలుసు.

ఆ మణికట్టును ఎవరూ పట్టి ఈడ్చరు. నాకు ఈ సీరియల్ మీద ప్రేమ కలిగింది అక్కడే.

పానర్‌తో పాటు ఇంకో ఇద్దరు. సున్ సాన్‌నియాంగ్ వంట మనిషి, చేతులు ఇనుము. ఇల్లంతా తన రెక్కల కష్టం మీద నడిపితే మొగుడు ఇంకొకర్ని తెచ్చుకున్నాడు. కన్నకొడుకు కూడా తల్లిని కాదన్నాడు. నీళ్ళలో దూకబోయిన మనిషిని పానర్ వెనక్కు లాగింది. సోంగ్ యిన్‌జాంగ్ పిపా వాయించే చిన్నపిల్ల. పిపా అంటే మన వీణలా ఒళ్ళో పెట్టుకుని మీటేది. ఈ ముగ్గురూ రాజధానిలో టీ కొట్టు పెడతారు. ఒకరు పిండివంటలు, ఒకరు సంగీతం, పానర్ టీ, లెక్కలు, బేరాలు. పోటీ కొట్లవాళ్ళు ఏకమైపోతారు, అధికారులు అడ్డం పడతారు, దుడ్డు చాలదు. అన్నీ దాటుకుని యోంగాన్ లౌ అనే పెద్ద భోజనశాల నడిపే దాకా వస్తారు. ఏ ధర పెట్టాలి, ఎవరికి అరువు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, వచ్చినవాళ్ళు మళ్ళీ ఎందుకు రావాలి అనే గొడవలే చాలా ఎపిసోడ్లు. ఇంత పద్దుల వ్యవహారాన్ని ప్రేమకథ అని పిలవగలగడం చిన్న విషయం కాదు.

నాయకుడు గు చియెన్‌ఫాన్ రాజుగారి గూఢచారి దళంలో అధికారి. ఊరంతా 'బతికున్న యముడు' అని పిలుచుకుంటారు. చెన్ షియావ్ ఆ పాత్రను తగ్గి చేశాడు. అతనికి కత్తి తెలుసు, ఆమెకు జనం తెలుసు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. మాట పట్టింపులొచ్చినప్పుడు ఆమె అతన్ని నిలదీస్తుంది, అతను తలదించుకుని వింటాడు. నిజమే, ద్వితీయార్ధంలో రాచనగరు రాజకీయాలు పెరిగి, అతని పలుకుబడి ఆమెకు మరీ ఎక్కువగా అక్కరకొస్తుంది. ఇరవై ఎపిసోడ్ల దాకా ఉన్న పట్టు ఆ తరవాత సడలింది. దాన్ని నేను క్షమించగలను. రెండోది మాత్రం నాకు కుదరడం లేదు.

దానికి ముందు అసలు కథ తెలియాలి. పానర్ సీరియల్ రచయిత్రి జాంగ్ వే సృష్టించిన మనిషి కాదు. 13వ శతాబ్దంలో, మంగోలుల ఏలుబడిలో, గ్వాన్ హాన్‌చింగ్ రాసిన నాటకం నుంచి నడిచొచ్చింది. మంగోలులు ఉద్యోగ పరీక్షలు ఆపేశారు. 1315 దాకా అవి మళ్ళీ జరగలేదు. చదువుకున్నవాళ్ళు చాలామంది బతుకుతెరువు కోసం నాటకాల వైపు వచ్చారు, ఆటా పాటా వీధుల్లో మసిలారు. ఆ వీధుల ఆడవాళ్ళ మాట తీరు గ్వాన్ నాటకాల్లో కళ్ళకు కడుతుంది.

ఆ నాటకంలో పానర్ వేశ్య. అటూ ఇటూ తిప్పి చెప్పడం లేదు, వేశ్యే. యిన్‌జాంగ్ కూడా. జౌ షె అనే డబ్బున్న కుర్రాడు యిన్‌జాంగ్‌ను మాటలతో మాయ చేసి పెళ్ళాడి జెంగ్‌జౌ తీసుకుపోతాడు. వద్దని పానర్ ముందే చెప్పింది, పిల్ల వినలేదు. గుమ్మం తొక్కగానే యాభై దెబ్బలు. 'పొగరు అణిచే బెత్తం' అని దానికి పేరు కూడా. ఉత్తరం అందుకున్న పానర్ ఒళ్ళంతా అలంకరించుకుని బండి కట్టించుకుని వెళ్తుంది. తన వృత్తి ఏ విద్య నేర్పిందో సరిగ్గా దాన్నే వాడుతుంది. నీకోసం వచ్చాను, ఆమెను వదిలేస్తే నిన్ను చేసుకుంటాను అంటుంది. వాడు పొంగిపోయి, అయితే పెళ్ళికి కావలసిన సారా, గొర్రె, ఎర్రపట్టు కొనుక్కొస్తానంటాడు. అక్కర్లేదు, నా బండిలో ఉన్నాయి అంటుంది పానర్. వాడు విడాకుల కాగితం రాసిచ్చి యిన్‌జాంగ్‌ను గెంటేస్తాడు. మోసం తెలిసి వెంటపడి, కాగితం లాక్కుని నోట్లో వేసుకుని నమిలేస్తాడు. వాడు నమిలింది నకలు. అసలు కాగితం పానర్ దగ్గరుంది. అయితే నువ్వు నా పెళ్ళికానుకలు పుచ్చుకున్నావు, నువ్వు నా పెళ్ళానివి అంటాడు. సారా నాది, గొర్రె నాది, పట్టు నాది అంటుంది.

ఈ కథ అమ్మకు చెప్పినప్పుడు ఆమె చేస్తున్న పని ఆపేసింది. "ముందే జిరాక్స్ తీయించుకుందన్నమాట," అంది. ఆ తరవాత కాసేపాగి, "సారా గొర్రె కూడా ఇంటి నుంచే మోసుకెళ్ళిందా!" అని మెచ్చుకుంది. సరుకు ఎవరి డబ్బుతో కొన్నారన్నది రేప్పొద్దున ఎక్కడికి దారి తీస్తుందో పానర్‌కు తెలుసు. బలమంటే ఇది. ఏడు వందల ఏళ్ళ కింద ఒక మగ రచయిత, తన నాయిక వేశ్య అయినందుకు సంజాయిషీ చెప్పకుండా, ఆ తెలివిని ఆమె చేతిలో పెట్టి కోర్టు దాకా నడిపించాడు.

2022 జూన్ 2న మొదలైన సీరియల్‌లో పానర్ గతం మారిపోయింది. ఆమె తండ్రి ఒక సైనికాధికారి, శిక్ష పడితే కుటుంబమంతా 'జ్యెన్‌జి'లో, అంటే హీనుల పట్టికలో చేరిపోయింది. అలా చిన్నపిల్లగా సర్కారు కళాకారిణుల్లో పడింది. పదహారేళ్ళకు విడుదలైంది. పేరు పట్టికలో ఉందే గాని ఆమె ఎన్నడూ ఒళ్ళు అమ్ముకోలేదు. ఆ మాటను మనకు విప్పి మరీ చెబుతారు. ప్రసారం జరుగుతున్న రోజుల్లోనే చైనా ప్రేక్షకుల మధ్య ఒక మాట భగ్గుమంది, 'షువాంగ్‌జియె' అని. వెబ్ నవలలు చదివేవాళ్ళ మాట అది. నాయకుడికీ నాయికకూ ఇద్దరికీ ముందు ఏ సంబంధమూ ఉండకూడదు, ఇద్దరూ 'శుభ్రం'. ఈ కథ జంట శుభ్రమేనని రచయిత్రి వైపు నుంచే వినిపించడంతో చాలామంది ఆడవాళ్ళు మండిపడ్డారు. సినిమాలకూ సీరియళ్ళకూ ప్రేక్షకులు పదికి మార్కులు వేసే దౌబాన్ సైటులో 8.8తో మొదలైన రేటింగు ఆ తరవాత దిగింది. దిగడానికి కారణాలు ఇంకా ఉండొచ్చు. నా మనసులో మాత్రం రేటింగు దిగింది అక్కడే.

కొందరంటారు, తప్పేముంది, ఏ పాపమూ ఎరగని పిల్లను పట్టికలో పడేశారంటే ఆ వ్యవస్థ దుర్మార్గం ఇంకా బాగా తెలుస్తుంది కదా అని. నేను దీని మీద చాలా రోజులు ఆలోచించాను. ఒప్పుకోలేకపోతున్నాను. 'పాపం ఎరగని' అన్నామంటేనే, ఎరిగిన వాళ్ళకు ఆ పట్టిక సబబే అని ఒప్పుకున్నట్టు. అన్యాయం పట్టికది కాకుండా పోయి, పేరు పొరపాటున ఎక్కించిన గుమాస్తాది అవుతుంది. పానర్ బయటికి వచ్చేస్తుంది, పట్టిక అలాగే ఉంటుంది. పక్కనే యిన్‌జాంగ్ కూర్చుని ఉంది, ఆ పట్టికలోంచి తప్పిస్తానన్న ఒక్క మాటకు జౌ షె లాంటివాడి వెంట పోయిన పిల్ల. ఆమె ఎదురుగా మన నాయిక నేను అలాంటిదాన్ని కాను అంటుంటే, సీరియల్ ఎవరి పక్షాన మాట్లాడుతున్నట్టు? చివర్లో పానర్ న్యాయం కోసం రాజద్వారం దగ్గరి భేరి మోగిస్తుంది. దాన్ని మోగించినందుకే దెబ్బలు తినాలి, తింటుంది. ఆ దెబ్బలు చూస్తూ అమ్మ కళ్ళు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను. అంత ధైర్యం ఉన్న మనిషికి ముందుగా ఒక శీలం సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించడమేమిటి?

పట్టిక సంగతికొస్తే, అలాంటి పట్టికల రద్దు మొదలైంది 1723లో, చింగ్ చక్రవర్తి యోంగ్‌జెంగ్ కాలంలో. పానర్ కాలానికి ఇంకో ఏడు వందల ఏళ్ళు. అన్ని తరాల ఆడవాళ్ళు అందులోనే పుట్టి అందులోనే పోయారు.

సెన్సారు సంగతి మరిచిపోకూడదని ఇంకొందరు అంటారు. అక్కడ అది ఎంత గట్టిదో తెలిసిందే. 2014 డిసెంబరులో వూ జెతియన్ మీద తీసిన భారీ సీరియల్‌ను మధ్యలో ఆపి, తిరిగి వచ్చేసరికి రాణుల రొమ్ము భాగం కనబడకుండా ముఖాల దగ్గరికి కత్తిరించి చూపించారు. చైనా చరిత్రలో స్వయంగా చక్రవర్తి పట్టం కట్టుకున్న ఏకైక స్త్రీ కథ అది. కాబట్టి నిర్మాతల భయం అర్థం చేసుకోగలను. కానీ వేశ్య అనే మాట చెప్పడానికి ఏమీ విప్పి చూపించక్కర్లేదు. గతాన్ని ఒక్క వాక్యంలో ఉన్నదున్నట్టు చెప్పి, మిగతా 40 ఎపిసోడ్లూ ఇదే టీ, ఇదే పద్దు, ఇదే ప్రేమ నడిపించినా నష్టం లేదు. గు చియెన్‌ఫాన్ అది తెలిసే ప్రేమించి ఉంటే అతని పాత్ర ఇంకో మెట్టు ఎక్కేది.

పైగా ఉదాహరణ వాళ్ళ చేతిలోనే ఉంది. సీరియల్‌లో ఒక పాత వర్ణచిత్రం కోసం అందరూ కొట్టుకుంటారు. మహారాణి ఒకప్పటి బతుకు తాలూకు గుట్టు అందులో ఉంది కాబట్టి. దీని వెనక నిజమైన మహారాణి ఒకావిడ ఉంది. జెన్‌జోంగ్ చక్రవర్తి భార్య, లియు వంశపు ఆడపడుచు. 969లో పుట్టింది. దిక్కులేని పిల్లగా చిన్న డోలు వాయించుకుంటూ బతికింది. ముందు ఒక వెండి పనివాడిని పెళ్ళాడింది, అతనితోనే రాజధానికి వచ్చింది. 1012లో మహారాణి అయింది. 1022లో భర్త పోయాక పసి చక్రవర్తి వెనక తెర వేసుకుని కూర్చుని పదకొండేళ్ళు సామ్రాజ్యం ఏలింది. 1033లో, పోయే ముందు, దాదాపు చక్రవర్తి వేసుకునే అంగీతోనే వంశ దేవాలయంలో పూజ చేసింది. డోలు సంగతి, వెండి పనివాడి సంగతి చరిత్రకారులు రాసిపెట్టారు. ఆమె ఏలడానికి అవి అడ్డం రాలేదు. వెయ్యేళ్ళ కిందటి ఆస్థానమే మింగగలిగిన నిజాన్ని 2022లో మనం మింగలేమని తీసినవాళ్ళు ఎందుకు అనుకున్నారో నాకు అర్థం కాదు.

ఇది చదివే తెలుగువాళ్ళకు మధురవాణి ఈపాటికే గుర్తొచ్చి ఉంటుంది. గురజాడ ఆమెను కడగలేదు. ఏ జమీందారు బిడ్డో చిన్నప్పుడు తప్పిపోయిందని చివరి అంకంలో బయటపెట్టలేదు. ఆమె సాని, సానిగానే తెలివైనది, సానిగానే మంచిది. గిరీశం అసలు రంగు సౌజన్యారావు పంతులుకు తెలిసింది ఆమె వల్లే. 1909 నాటి పుస్తకంలోని ఆ మనిషిని ఇన్ని తరాలు ఇంత ప్రేమించాయంటే, జనానికి ఆమాత్రం మనసుందనే కదా.

ఇంత పట్టుదలగా వాదించడానికి నాకొక కారణం ఉంది. మా మేనత్త తెనాలిలో కర్రీ పాయింట్ నడిపేది. మామయ్య వదిలేసి వెళ్ళాక ఆమె మూడేళ్ళు ఎక్కడ ఉంది, ఎవరితో ఉంది అనేది మా ఇంట్లో గట్టిగా మాట్లాడుకోని సంగతి. తిరిగొచ్చి రెండు స్టవ్‌లతో మొదలుపెట్టింది. గుత్తొంకాయ, పప్పుచారు, దొండకాయ వేపుడు. సాయంత్రం ఆరున్నరకే అయిపోయేవి. పొడుగాటి పద్దు పుస్తకం, దానికి దారంతో కట్టిన రీఫిల్లు. ఎవరు ఎంత బాకీయో, ఏ తారీఖున తీర్చారో, ఒక్క కొట్టివేత లేకుండా రాసేది. ఇద్దరు పిల్లల్ని ఇంజనీరింగ్ చదివించింది. కూర కొనుక్కెళ్ళే ఆడవాళ్ళే గుమ్మం దిగాక ఒకరినొకరు అడిగేవాళ్ళు, "ఇంతకీ ఆ మూడేళ్ళూ...?" అని. కొడుకు పెళ్ళి మాటల్లోనూ అదే ప్రశ్న వచ్చింది. అప్పుడు మావాళ్ళు ఒక కథ అల్లారు, విజయవాడలో దూరపు బంధువుల ఇంట్లో ఉండి వంట నేర్చుకుందని. అత్త ఆ పూట ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి పుస్తకం తెరిచి ఆ రోజు పద్దు రాసుకుంది. నాకప్పుడు పదిహేనేళ్ళు, తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆమె కోసం అల్లిన ఆ అబద్ధం ఆమెను చిన్నబుచ్చిందని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పానర్ చేత నేను అలాంటిదాన్ని కాను అనిపించినప్పుడు నాకు ఆ గది గుర్తొచ్చింది.

పానర్‌గా చేసిన లియు యీఫేను తప్పు పట్టడం లేదు. 2006 తరవాత ఆమె సీరియల్ చేయడం ఇదే మొదలు. ఆ చూపులో, ఆ నిలబడే తీరులో, ఆమె నిజంగా ఎన్నో చూసిన మనిషిలాగే చేసింది. స్క్రిప్టు కాదన్నదాన్ని ముఖం ఒప్పుకున్నట్టు ఉంటుంది కొన్నిచోట్ల. బేరం కుదరక లేచి వెళ్ళబోయేవాణ్ణి ఒక్క మాటతో మళ్ళీ కూర్చోబెట్టే సీన్లు చూడండి. ఆ ఓపిక ఎక్కడ నేర్చుకున్నదో సీరియల్ చెప్పదు. గ్వాన్ చెప్పాడు.

నలభయ్యో ఎపిసోడ్ అయిపోయిన రాత్రి అమ్మ ఫోను తీసి ఛార్జింగ్‌కు పెట్టింది. పోపుల డబ్బా గట్టు మీదికి జరిపింది. లైటు ఆర్పబోతూ అడిగింది.

"ఏమే, ఆ పాత నాటకంలో పానర్‌ను ఎవరు చేసుకున్నారు చివరికి?"

"ఎవరూ లేదమ్మా. జడ్జి జౌ షెకు అరవై దెబ్బలు వేయించి, యిన్‌జాంగ్‌ను ఆమె మొదట మాటిచ్చిన అబ్బాయికి ఇప్పించాడు. పానర్‌ను ఇంటికి వెళ్ళమన్నాడు."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది."

అమ్మ స్విచ్ మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడింది. "మీ అత్తకు ఫోన్ చేసి చాలా రోజులైంది," అంది.